కథలు చెప్పే ఆడపిల్లలకే ఎందుకీ శిక్ష? (అటోన్మెంట్, ద బుక్ ఆఫ్ గూస్, ఇంకా కొన్ని)

కృష్ణలంక_కవిత
యియున్ లీ రాసిన ద బుక్ ఆఫ్ గూస్ పూర్తి చేశాక కోపం ఆగడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరు. ఇద్దరు ఆడపిల్లలు, ఫాబియెన్, ఆన్యెస్. బడి మానేసి ఆవుల్నీ మేకల్నీ కాసుకునే ఫాబియెన్ కథలు చెబుతుంది. చేతిరాత బాగున్న ఆన్యెస్ వాటిని రాసిపెడుతుంది. పుస్తకం ఆన్యెస్ పేరు మీద అచ్చవుతుంది, పారిస్ వాళ్ళు ఎగబడతారు. చివరికి ఏమవుతుంది? కథలు పుట్టించిన పిల్ల కాన్పులో చచ్చిపోతుంది.

దీనికి ముందు ఇయన్ మెకీవన్ అటోన్మెంట్ చదివాను. అక్కడ బ్రయనీకి పదమూడేళ్ళు. సొంతంగా నాటకం రాసి, దాన్ని అన్నయ్య ఇంటికొచ్చే రోజున ఆడించాలని తాపత్రయపడే పిల్ల. ఆ పిల్ల కల్పన వల్లే ఏ పాపం తెలియనివాడు జైలుకి పోతాడు, ఆమె ముసలితనం దాకా కుమిలిపోతూ బతుకుతుంది.

మగపిల్లాడు కథలల్లితే నవల చివర బ్యాగు సర్దుకుని పట్నం పోతాడు, రచయిత అవుతాడు. ఆడపిల్ల అల్లితే మాత్రం ఎవరో ఒకరు చావాలి. ఇప్పటి ఇంగ్లీషు నవలల్లో ఇదొక రివాజు అయిపోయిందా? లేక నా చేతికి వచ్చినవే ఇలాంటివా?

సింహాచలం_ఎక్స్‌ప్రెస్
రెండు నవలల చివరలూ చెప్పేశారు కదండీ! గూస్ నా బల్ల మీదే ఉంది, ఇంకా తెరవనే లేదు.

కృష్ణలంక_కవిత
ఫాబియెన్ చనిపోయిందన్న కబురు మొదట్లోనే వస్తుంది, నవల నడిచేదే అక్కడి నుంచి. హాయిగా చదువుకోండి.

లాయర్_శారద
కవిత గారూ, బ్రయనీ కథ అల్లినందుకు రాబీ జైలుకి పోలేదు. ఆమె చెప్పింది పెద్దవాళ్ళకి కావలసిన కథ కాబట్టి పోయాడు. రాబీ ఎవరు? ఆ ఇంట్లో పనిచేసే గ్రేస్ టర్నర్ కొడుకు. ఇంటి యజమాని ఫీజులు కట్టి కేంబ్రిడ్జిలో చదివించాడు. యజమాని భార్యకి ఆ సంగతి మొదటి నుంచీ గిట్టదు. అసలు నేరం, అంటే బ్రయనీ చుట్టాలమ్మాయి లోలా మీద ఆ రాత్రి దాడి, చేసిన పాల్ మార్షల్ చాక్లెట్ల వ్యాపారంలో కోట్లు గడిస్తున్న అతిథి. ఆ రాత్రి అతని మీదికి ఎవరి చూపూ పోదు. చీకట్లో చూసింది మార్షల్‌ని అని అదే పిల్ల చెప్పి ఉంటే ఎంతమంది నమ్మేవారు? ఊహలెక్కువ, నిద్రమత్తు అని తీసుకెళ్ళి పడుకోబెట్టేవాళ్ళు.

పోలీసు విచారణ పేజీలు నా వృత్తి వల్ల మళ్ళీ మళ్ళీ చదివాను. అతనేనని నాకు తెలుసు అంటుంది బ్రయనీ. తెలిసిన సంగతి పక్కన పెట్టు, చూశావా అంటాడు అధికారి. చూశాను అంటుంది. ఇప్పుడు నన్ను చూస్తున్నట్టే చూశావా అంటే అవునంటుంది. అంతటితో కథ కాస్తా సాక్ష్యం అయిపోయింది. తర్వాత మనసులో శంక పుట్టినా వెనక్కి తగ్గలేకపోతుంది. మెకీవన్ అక్కడ ఆమెని పెళ్ళి దగ్గరపడ్డాక గుబులు మొదలైన పెళ్ళికూతురితో పోలుస్తాడు. ఏర్పాట్లన్నీ అయిపోయాయి, అందరూ సంతోషంగా ఉన్నారు, ఇప్పుడు వద్దంటే ఎలా? మన పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకి అది విడమర్చి చెప్పక్కర్లేదు.

మన 2012 పోక్సో చట్టంలో, పిల్లల వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదని ఉంది. కోర్టులో లాయర్లు తమ ప్రశ్నలు జడ్జికి ఇవ్వాలి, జడ్జే పిల్లల్ని అడగాలి. పిల్లలు అబద్ధాలకోరులని అనుకుని పెట్టిన నియమాలు కావివి. ఎదుటి పెద్దమనిషి ముఖం ఏ జవాబుకి వికసిస్తుందో పిల్లలు ఇట్టే పసిగడతారు. 1935 నాటి ఆ ఇంట్లో బ్రయనీ చుట్టూ ఉన్నవి అన్నీ అలాంటి ముఖాలే.

నల్లగొండ_నరేశ్
శారద గారు చెప్పినదానికి మన దేశంలోనే జోడీ ఉంది. ద గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్, 1997లో బుకర్ వచ్చిన నవల. కొట్టాయం పోలీస్ స్టేషన్‌లో బేబీ కొచ్చమ్మ కవలలిద్దరినీ కూర్చోబెట్టి, మీరు ఒప్పుకోకపోతే మీ అమ్మ జైలుకి పోతుందని భయపెడుతుంది. ఎస్తా లోపలికి వెళతాడు. నేల మీద వెలుత, పిల్లల్ని ఎత్తుకుపోయాడని నిందపడ్డవాడు, కొట్టిన దెబ్బలకి మనిషి ఆనవాలు లేకుండా. ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు, ఏడేళ్ళ పిల్లాడు అవునంటాడు. అల్లింది ఇంటి పెద్దావిడ, పలికింది పిల్లాడు, ప్రాణం పోయింది దళితుడిది.

చూడండి, అక్కడ నోరు తెరిచింది మగపిల్లాడే. ఆ తర్వాత అతను మాట్లాడటమే మానేస్తాడు. కాబట్టి శిక్ష ఆడపిల్లలకే అంటే నేనొప్పుకోను. బ్రయనీకి డెబ్బై ఏడేళ్ళు వచ్చేదాకా పేరున్న రచయిత్రిగా బతికే అవకాశమైనా దక్కింది.

గోదారి_గలగల
అటోన్మెంట్ రాసింది మగవాడు. పదమూడేళ్ళ పిల్ల మనసులోకి దూరి, తప్పంతా ఆ పిల్ల ఊహాశక్తి మీదికి తోసేశాడు. నాకు మొదటిసారి చదివినప్పుడే గుచ్చుకుంది.

లాయర్_శారద
తోసేశాడని నాకనిపించలేదు. లోలాని చూడండి. దాడి జరిగింది ఆమె మీద, పేరు పలికింది బ్రయనీ, లోలా కాదనదు. తర్వాత మార్షల్‌నే పెళ్ళి చేసుకుంటుంది. నోరు విప్పకుండా ఆ పిల్ల సంపాదించుకున్నంత భద్రత మాట్లాడిన బ్రయనీకి దక్కలేదు.

గోదారి_గలగల
దాన్ని భద్రత అంటారా మీరు? దాడి చేసినవాడితో కాపురం అది! పదిహేనేళ్ళ పిల్లకి అప్పుడు వేరే దారి ఎవరు చూపించారు?

డాలస్_పద్మ
లోలా మీద వాదన ముదిరేలోపు నాది ఒకటి. నాకు ఇషిగురో నెవర్ లెట్ మీ గో (2005) లోని రూత్ గుర్తొస్తోంది. అందరూ క్లోనింగ్ నవల అంటారు గానీ నేను చదువుకున్నది మాత్రం ఆడపిల్లల హాస్టల్ నవలగానే. వాళ్ళుండే హాస్టల్ బడి హెయిల్‌షామ్‌లో చిన్నప్పుడు రూత్ ఒక రహస్య దండు కడుతుంది. మిస్ జెరాల్డిన్ అనే టీచర్ని ఎత్తుకుపోవడానికి కుట్ర జరుగుతోందట, ఆమెకి వీళ్ళు కాపలా అట. కుట్ర నిజమా కాదా అన్నది ఎవరికీ పట్టదు. దండులో ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చేది రూత్.

తర్వాత ఆ పెన్సిల్ బాక్సు. ఒక రోజు రూత్ దగ్గర కొత్త బాక్సు కనిపిస్తుంది. మిస్ జెరాల్డిన్ ఇచ్చిందని నోటితో అనదు. అలా అనిపించేట్టు నవ్వుతుంది, మాట సగంలో ఆపుతుంది. నవల చెప్పే ఆమె నేస్తం కేతీకి అది బడిలో జరిగే సేల్‌లో కొన్నదేనని అనుమానం. అక్కడ ఎవరేం కొన్నారో రిజిస్టర్‌లో రాసి ఉంటుంది, దాన్ని నేను చూశాను అన్నట్టు ఒక మాట వదులుతుంది. రూత్ ముఖం మాడిపోతుంది. గెలిచిన కేతీకి సంతోషం ఉండదు. నేస్తం పరువు మళ్ళీ ఎలా నిలబెట్టాలా అని ఆ క్షణం నుంచే ఆరాటపడుతుంది. ఆడపిల్లల స్నేహం గురించి ఇంత నిజంగా రాసినవాళ్ళు తక్కువ.

ఇంటర్‌లో నేనున్న హాస్టల్లో ఒకమ్మాయి ఉండేది. రాత్రి లైట్లు ఆర్పాక సినిమా కథలు చెప్పేది. వాటిలో చాలా సినిమాలు తను చూడనే లేదని తర్వాతెప్పుడో తెలిసింది. పోస్టర్ చూసి కథ మొత్తం అల్లేసేది! సెకండాఫ్ ఎవరికి చెప్పాలన్నది ఆమె ఇష్టం. కిటికీ పక్క మంచం ఎవరిది, నీళ్ళొచ్చే టైములో మొదటి బకెట్ ఎవరిది, అన్నీ దాన్నిబట్టే తేలిపోయేవి. వార్డెన్ మాటకి లేని విలువ ఆమె మాటకుండేది. పొద్దున్నుంచీ ఎంసెట్ చదువులు, వారానికో టెస్టు, ఆ టెన్షన్‌లో మాకు మిగిలిన ఆట అదొక్కటే. ఆమె అంటే ఇప్పటికీ నాకు అభిమానమే.

సింహాచలం_ఎక్స్‌ప్రెస్
ఆవిడ అడ్రస్ పట్టండి, మన సినిమావాళ్ళకి కథలు కావాలి.

డాలస్_పద్మ
బ్యాంకులో లోన్ సెక్షన్‌లో ఉంది. ఇప్పుడు కథలు కస్టమర్లు చెబుతారట, తను వింటుందట.

పాతపుస్తకాల_పంతులు
ఆడపిల్ల పుస్తకం రాస్తే ముందు పుట్టేది అనుమానం. గూస్‌లోని ఆన్యెస్ లాంటి పిల్లలు నిజంగానే ఉన్నారు. ఇంగ్లండ్‌లో డైసీ ఆష్‌ఫర్డ్ తొమ్మిదేళ్ళప్పుడు, 1890లో, ద యంగ్ విజిటర్స్ రాసింది. అది 1919లో అచ్చయితే, ముందుమాట రాసిన జె. ఎం. బారీయే (పీటర్ పాన్ రచయిత) మొత్తం రాసి ఉంటాడని చాలామంది అనుమానించారు.

ఫ్రాన్స్‌లో మినూ ద్రుయే కథ ఇంకా ఘోరం. ఎనిమిదేళ్ళ పిల్ల, 1956లో కవితల పుస్తకం వచ్చింది. ఇవి పెంచిన తల్లి రాసినవే అని పత్రికలు రెండుగా చీలి కొట్టుకున్నాయి. చివరికి తల్లి పక్కన లేకుండా కూర్చోబెట్టి, అంశం ఇచ్చి కవిత రాయించి పరీక్ష పెట్టారు. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ తన మిథాలజీస్‌లో ఈ గొడవ మీద ఒక వ్యాసమే రాశాడు. కవితలు బాగున్నాయా లేదా అన్నది పక్కకి పోయి, పిల్ల అసలుదా నకిలీదా అన్నదే మిగిలింది.

తెనాలి_వసుధ
అట్‌వుడ్ క్యాట్స్ ఐ (1988) గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఈ చర్చకి అసలైన పుస్తకం నా దృష్టిలో అదే. 1940లలో టొరంటో. ఎలేన్‌కి ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసు. ఆమె స్నేహితురాళ్ళకి నాయకురాలు కార్డీలియా. కార్డీలియా ఎవర్నీ కొట్టదు, కథ చెబుతుంది. వంతెన కింద పారే వాగు శ్మశానం మీదుగా వస్తుంది, ఆ నీళ్ళు కరిగిపోయిన శవాలు, తాగినా తగిలినా చచ్చినవాళ్ళు నీ వెంటపడతారు అని. ఆ తర్వాత ఒక చలికాలం ఎలేన్ టోపీని అదే వాగు వైపు విసిరేసి, వెళ్ళి తెచ్చుకో అంటుంది. ఎలేన్ దిగుతుంది. మంచు పొర విరిగి నీళ్ళలో పడుతుంది. చలికి కొయ్యబారిపోతూ కూడా ఆ పిల్ల తలలో తిరిగేది శవాల కథే. తనని లాగుతున్నది చలి కాదు, ఆ కథ.

అసలు సంగతి తర్వాత ఉంది. హైస్కూల్‌కి వచ్చేసరికి త్రాసు తిరగబడుతుంది. ఇద్దరూ శ్మశానం మీదుగా నడుస్తుంటే ఈసారి ఎలేన్ కథ చెబుతుంది. నేను రక్తం తాగే పిశాచిని, పగలు ఆ సమాధిలో పడుకుంటాను అని. తమాషాకే మొదలుపెడుతుంది. కార్డీలియా నిజంగా జడుసుకుంటుంది. అది చూసి ఎలేన్‌కి లోపల ఒక కర్కశమైన సంతోషం. చిన్నప్పుడు తనని వాగులోకి దింపిన అస్త్రం ఇప్పుడు తన చేతికొచ్చింది. కార్డీలియా అక్కణ్నుంచి జారిపోతూనే ఉంటుంది, చదువులో తప్పుతుంది, ఆఖరికి మతి చెదిరినవాళ్ళ ఆసుపత్రి దాకా పోతుంది. ఎలేన్ పేరున్న చిత్రకారిణి అవుతుంది.

కవిత గారి ప్రశ్నకి నా జవాబు ఇదే. ఇక్కడ కథ చెప్పిన పిల్లని శిక్షించింది దేవుడో రచయిత్రో కాదు. ఇంకో కథ చెప్పగలిగిన పిల్ల శిక్షించింది. ఆడపిల్లలకి పెద్దల లోకంలో ఒక్క నిర్ణయం కూడా చేతిలో లేదు, కాబట్టి వాళ్ళలో వాళ్ళే ఒక రాజ్యం కట్టుకుంటారు. అందులో నాణెం కథే.

కృష్ణలంక_కవిత
వసుధ గారూ, వాగు పేజీలు మీరు చెబుతుంటేనే వణుకొచ్చింది, పుస్తకం తెప్పిస్తున్నాను. శారద గారు చెప్పిన కులీనుల లెక్క అటోన్మెంట్‌కి సరిగ్గా కుదురుతుంది. గూస్‌కి కుదరదు. అక్కడ ఇద్దరూ పేదపిల్లలే, ఒకే ఊరు, ఒకే బురద. అయినా లోకం ఆన్యెస్‌ని నమ్మింది. ఎందుకంటే చూడ్డానికి అణకువగా ఉంటుంది, చెప్పిన చోట కూర్చుంటుంది, ఫోటోకి నవ్వుతుంది. ఫాబియెన్‌కి ఈ సంగతి పదమూడేళ్ళకే తెలుసు. అందుకే పేరు ఆన్యెస్‌దే ఉండాలని తనే పట్టుబడుతుంది. కథ చెప్పడం ఒక బలం, కథ చెప్పినదానిగా కనబడటం ఇంకో బలం. రెండూ ఒకే ఆడపిల్ల దగ్గర ఉండనివ్వరు అన్నదే నా కోపం.

పేరొచ్చాక ఆన్యెస్‌ని పంపిన ఇంగ్లండ్ స్కూల్లో చూడండి. అమ్మాయిల్ని దొరసానులుగా తీర్చిదిద్దే బడి, నడిపేది మిసెస్ టౌన్‌సెండ్. తన బడిలో ఎంత ఆనందంగా ఉన్నావో పుస్తకం రాయమంటుంది, రాసింది తనే దిద్దుతుంది. పిల్ల పేరు, పెద్దామె కథ! అదే సమయంలో ఊరి నుంచి ఫాబియెన్ ఉత్తరాలు రాస్తుంటుంది, సగం తన పేరుతో, సగం జాక్ అనే కుర్రాడి పేరుతో. జాక్ అనేవాడు లేడు. ఆన్యెస్‌కి ప్రేమలేఖలు రాయడానికే ఫాబియెన్ వాణ్ని పుట్టించింది. నవల మొత్తంలో ఎవరూ దిద్దని రాత ఆ ఉత్తరాలొక్కటే. చదువుతుంటే గొంతు పట్టేసింది.

నల్లగొండ_నరేశ్
ఫాబియెన్‌ని మరీ మహాత్మురాలిని చేయకండి. కథలు దిద్దిపెట్టిన పోస్టుమాస్టర్ దేవో మీద నింద వేసి అతన్ని ఊరు దాటించింది కూడా ఆ పిల్లే. అక్కడ బ్రయనీ చేసినదానికీ దీనికీ తేడా ఏంటి?

కృష్ణలంక_కవిత
బ్రయనీ నమ్మి చెప్పింది, ఫాబియెన్ తెలిసి చెప్పింది. నాకు తెలిసి చేసిన పిల్లే ఎక్కువ నచ్చింది, ఏమనుకున్నా సరే.

వరంగల్_వాణి_టీచర్
మీరంతా యూరప్, కెనడా బడుల్లోనే తిరుగుతున్నారు. ఇంగ్లీషు నవల అంటే ఆఫ్రికా కూడా. త్సిత్సి డాంగరెంబ్గా నెర్వస్ కండిషన్స్ కూడా 1988దే. నల్లజాతి జింబాబ్వే స్త్రీ ఇంగ్లీషులో అచ్చువేసిన మొదటి నవల. మా అన్న చనిపోయినప్పుడు నాకు బాధ కలగలేదు అని మొదలుపెడుతుంది తాంబు. పదమూడేళ్ళ వయసులో జరిగిన సంగతిని పెద్దయ్యాక చెబుతోంది, ఆ మాటకి క్షమాపణ కూడా అడగనంటుంది.

ఎందుకన్నదో ఆ మక్కల కథ చదివితే తెలుస్తుంది. ఇంట్లో డబ్బుల్లేవు, బడికి అన్న పోతాడు, తాంబు మానుకోవాలి. ఆ పిల్ల ఊరుకోదు. నాన్నని విత్తనాలడిగి, పొద్దున్నే లేచి తన చెక్కలో మక్కజొన్న వేస్తుంది. కలుపు తీస్తుంది, నీళ్ళు మోస్తుంది. కంకులు పాలుపోసుకున్నాక ఒక్కొక్కటిగా మాయమవుతుంటాయి. దొంగ ఎవరో కాదు, అన్న న్హామో. చెల్లెలు పండించిన కంకులు బడిలో స్నేహితులకి పంచుతున్నాడు. మిగిలినవి అమ్ముదామని మాస్టారు ఆమెని పట్నం తీసుకెళ్తాడు. ఒక తెల్లావిడ జాలిపడి పది పౌండ్లు ఇస్తుంది. ఆ డబ్బు నాది, కూతురు నాది, కాబట్టి ఇలా ఇవ్వమని తండ్రి హెడ్మాస్టర్ దగ్గరికి పోయి కూర్చుంటాడు. నేను ఈ భాగం తొమ్మిదో తరగతి పిల్లలకి తెలుగులో చెప్పాను. క్లాసులో గాలి కూడా ఆడలేదు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, ఆ డబ్బు హెడ్మాస్టర్ ఇచ్చాడా సార్‌కి, అని తాంబు తండ్రిని కూడా సార్ అనేసింది, అంత కంగారు పిల్లకి.

తర్వాత వారం అదే పిల్ల నోట్‌బుక్‌లో ఒక కథ రాసి తెచ్చింది. అక్క కాలేజీ ఫీజు డబ్బుతో తమ్ముడికి బండి కొన్న ఇంటి కథ. చాలా బాగా రాసింది, గోడపత్రికలో పెట్టాం. రెండోరోజే వాళ్ళ నాన్న వచ్చి, మా ఇంటి సంగతులు గోడకెక్కించింది ఎవరు అని అడిగాడు. కథలో పేర్లు లేవు, ఊరు లేదు. అయినా ఆయనకి ఎక్కడో తగిలింది. యాజమాన్యం ఆ కాగితం తీయించింది. నేను తీయనన్నాను, ఇంకెవరో తీశారు. ఆ పిల్లకి నోట్‌బుక్ తిరిగిచ్చి, రాయడం మాత్రం ఆపొద్దని చెప్పాను. ఆపలేదు కూడా, ఇప్పుడు ఇంటర్‌లో ఉంది, అప్పుడప్పుడు ఫోన్‌లో చదివి వినిపిస్తుంది.

గోదారి_గలగల
వాణి గారూ, మీలాంటి టీచర్ ఒక్కరుంటే చాలు. హెడ్మాస్టర్ ఇచ్చాడా ఇంతకీ?

వరంగల్_వాణి_టీచర్
ఇవ్వలేదు. రసీదు రాసి, ఆ డబ్బు తాంబు ఫీజులకే దాచాడు.

చదువరి_రాజు
అందరూ కథని పెద్ద శక్తిలా మాట్లాడుతున్నారు. నాకంత నమ్మకం లేదు. సూసన్ చోయ్ ట్రస్ట్ ఎక్సర్‌సైజ్ చదవండి, 2019లో అమెరికా నేషనల్ బుక్ అవార్డ్ వచ్చింది. మొదటి భాగం 1980లలో నటన నేర్పే హైస్కూల్, శారా, డేవిడ్‌ల ప్రేమ, పిల్లల మనసులతో ఆడుకునే మిస్టర్ కింగ్స్‌లీ అనే మాస్టారు. మనం లీనమైపోతాం. రెండో భాగం తెరిస్తే ఒకామె వచ్చి, మీరు ఇప్పటిదాకా చదివింది శారా రాసిన నవల, అందులో నన్ను కారెన్ చేసింది, అది నా పేరు కాదు, నాకు జరిగిన ముఖ్యమైన సంగతి తీసేసింది అంటుంది. 131వ పేజీ దగ్గర చదవడం ఆపేశానంటుంది. మీరు వెనక్కి తిప్పి చూస్తే మీ చేతిలో ఉన్న మొదటి భాగం కూడా ఆ చుట్టుపక్కలే ఆగి ఉంటుంది.

అంటే ఒక ఆడపిల్లకి కథ చెప్పే అవకాశం వస్తే ఇంకో ఆడపిల్ల అందులో చిన్న పాత్రగా కుంచించుకుపోయింది. శక్తి అంటే ఇదేనా?

తెనాలి_వసుధ
శక్తి కాకపోతే కారెన్‌కి అంత మంట ఎందుకు, రాజు గారూ? మీరు మీ వాదన మీద మీరే దెబ్బ కొట్టారు.

చదువరి_రాజు
మంట పుట్టించడం వేరు, లోకాన్ని కదిలించడం వేరు. కింగ్స్‌లీ లాంటి మాస్టార్లకి ఆ నవల వల్ల ఏమైంది?

లాయర్_శారద
రాజు గారి ప్రశ్నకి అటోన్మెంట్ చివరి భాగంలో జవాబుంది, అందరూ రాబీ, అతను ప్రేమించిన బ్రయనీ అక్క సిసీలియాల సంగతికి కన్నీళ్ళు పెట్టుకుని దాన్ని దాటేస్తారు. 1999. బ్రయనీ పెద్ద రచయిత్రి. ఆ నేరం గురించి నిజం మొత్తం రాసేసింది, పేర్లతో సహా. అచ్చువేయలేదు. కారణం పరువు నష్టం కేసు. మార్షల్ ఇప్పుడు లార్డ్, లోలా లేడీ మార్షల్, కోర్టుకెక్కడంలో వాళ్ళకి మంచి పేరుంది. వాళ్ళు బతికున్నంత కాలం ఏ ప్రచురణకర్తా ముట్టుకోడు. బ్రయనీకేమో మెదడు జబ్బు, మాటలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. పదమూడేళ్ళప్పుడు ఆమె అబద్ధానికి ఒక్క రాత్రిలో పోలీసు జీపు కదిలింది. డెబ్బై ఏడేళ్ళప్పుడు నిజానికి ఒక్క అచ్చుయంత్రం కదలలేదు. చేతిలో కలం ఒకటే, ఎదురుగా ఉన్న మనిషి మారాడు.

నల్లగొండ_నరేశ్
దీన్ని నేను సేవ్ చేసుకుంటున్నా శారద గారూ. జీపు కాదు గానీ, 1935లో కారు అయ్యుంటుంది :)

మైత్రి_22
ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను. మై డార్క్ వనెస్సా (2020) గురించి చెప్పాలనిపించింది. వనెస్సాకి పదిహేను, ఇంగ్లీషు మాస్టారు స్ట్రేన్‌కి నలభై రెండు. అతను ఆమెకి నబొకోవ్ లొలీటా, అదే నడివయసువాడు చిన్నపిల్ల వెంటపడే నవల, ఇచ్చి చదవమంటాడు. అక్కడి నుంచి ఆ పిల్ల తన జీవితాన్ని ఆ పుస్తకం కళ్ళతోనే చూసుకుంటుంది. 2017లో ఇంకో పూర్వ విద్యార్థిని అతని మీద బహిరంగంగా ఆరోపణ చేస్తుంది, ఒక విలేఖరి వనెస్సానీ మాట్లాడమని అడుగుతుంది. వనెస్సా ఒప్పుకోదు. అది ప్రేమకథ కాదని ఒప్పుకుంటే తన పదిహేడేళ్ళ బతుక్కి పేరేమిటి అన్నది ఆమె భయం.

మీరంతా కథ ఎవరు చెప్పారు అని అడుగుతున్నారు. వనెస్సా కథని వనెస్సాయే చెబుతుంది, కానీ అది స్ట్రేన్ రాసిచ్చిన కథ. నా ట్యూషన్ రోజుల్లో ఒకాయన, నువ్వు మిగతా అమ్మాయిల్లాంటి దానివి కాదు అనేవాడు. ఆ మాట నాకు ఎంత గర్వంగా ఉండేదో. ఈ నవలలో అదే మాట చూసి పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. అదృష్టం, మా అక్కకి చెప్పాను, అక్క మర్నాడే ట్యూషన్ మాన్పించింది.

డాలస్_పద్మ
మైత్రీ, రాసినందుకు చాలా మంచిపని చేశావమ్మా. మీ అక్కకి నా నమస్కారాలు చెప్పు.

లాయర్_శారద
మైత్రి గారూ, ఎప్పుడైనా ఆ విషయం మీద మాట్లాడాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి. కాలం గడిచిందని సంకోచించకండి.

పాతపుస్తకాల_పంతులు
చెప్పకపోవడం గురించి కూడా ఒక నవల ఉంది. అన్నా బర్న్స్ మిల్క్‌మాన్, 2018 బుకర్. 1970లలో గొడవల మధ్య ఉన్న ఊరు, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ అని పేరు పెట్టదు గానీ తెలిసిపోతుంది. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, నడుస్తూ పుస్తకం చదువుకోవడం ఆమె చేసే నేరం. నలభై దాటిన సాయుధ దళం మనిషి ఆమె వెంటపడతాడు. ముట్టుకోడు. కానీ వాళ్ళిద్దరికీ సంబంధం ఉందని ఊరంతా అల్లేస్తుంది, కన్నతల్లితో సహా. ఆ పిల్ల ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు, ముఖంలో ఏ భావమూ కనబడనివ్వదు. చివరికి ఆ మౌనాన్నే ఊరు ఒప్పుకోలుగా లెక్కవేస్తుంది. ఊరు కథ అల్లితే ఎవరూ దాన్ని అబద్ధం అనరు, సమాచారం అంటారు.

సింహాచలం_ఎక్స్‌ప్రెస్
మన వీధి అరుగులకి బెల్‌ఫాస్ట్‌లో బ్రాంచి ఉందన్నమాట.

మధురవాడ_అమ్మ
మా అమ్మాయికి పద్నాలుగు నిండాయి, ఇంగ్లీషు నవలలు నమిలేస్తోంది. నోట్‌బుక్ నిండా కథలు రాస్తుంది, నాకు చూపించదు. మీరు చెప్పినవాటిలో ఏది ముందు ఇవ్వాలి?

తెనాలి_వసుధ
క్యాట్స్ ఐ ఇవ్వండి. బడిలో ఎవరైనా సతాయిస్తుంటే ఆ పిల్లకి తోడుంటుంది.

గోదారి_గలగల
పద్నాలుగుకి క్యాట్స్ ఐ బరువవుతుంది, సగం పుస్తకం నడివయసు ఆమె గోడే. నెవర్ లెట్ మీ గో ఇవ్వండి.

మైత్రి_22
వనెస్సా ఇప్పుడే వద్దండీ. కొన్నేళ్ళాగి, మీరు ముందు చదివి, పక్కన కూర్చుని ఇవ్వండి.

వరంగల్_వాణి_టీచర్
నేనైతే నెర్వస్ కండిషన్స్ అంటాను. భాష సులువు, తాంబు వయసు మీ పాప వయసుకి దగ్గర. చివరి అధ్యాయాల్లో తాంబు పెదనాన్న కూతురు న్యాషా తిండి మానేసే భాగం ఉంటుంది, ఆ పేజీలు వచ్చినప్పుడు దగ్గరుండండి. నోట్‌బుక్ మాత్రం అడగకండి. చూపించాలనిపిస్తే తనే చూపిస్తుంది.

మధురవాడ_అమ్మ
నెర్వస్ కండిషన్స్ ఆర్డర్ పెట్టాను, నాకూ ఒక కాపీ. ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం.